తొమ్మిది రోజుల మందు

మొన్న సీతమ్మధారలో మా హారిక చేతికి పచ్చబొట్టు పొడిచిన కుర్రాడు, పనంతా అయ్యాక గ్లౌజులు విప్పేసి, సొరుగులోంచి చిన్న డబ్బా ఒకటి తీసి మూత తిప్పి నా ముక్కు ముందు పెట్టాడు. మొత్తం న్యాచురల్ ఆంటీ, కెమికల్స్ ఏమీ ఉండవు, రోజుకి రెండుసార్లు రాస్తే చాలు అన్నాడు. ఏసీ గది, గోడల నిండా పులులు, పుర్రెలు, రెక్కలు, ఎక్కడో సన్నగా పాట; వాటన్నిటి మధ్యలోంచి కాగిన వేపాకు చేదు, దాని వెనకే తేనెమైనం తీపి వాసన వచ్చి నన్ను పట్టుకుంది. పక్కనున్న కుర్చీలో కూర్చుండిపోయాను. మంచినీళ్లు తెమ్మంటారా అని ఆ అబ్బాయి అడుగుతున్నాడు, సూది చూసి పెద్దావిడ భయపడిపోయిందనుకున్నట్టున్నాడు పాపం. డబ్బా వద్దు బాబూ, మందు ఇంట్లో నేనే కాస్తాను అని చెప్పి, కూతురి చెయ్యి పట్టుకుని బస్సెక్కి ఉక్కునగరంలో మా క్వార్టరుకి వచ్చేశాను.

కాస్తానని అనేశాను గానీ, ఆ మందు కాచి నాకు ఇరవై ఏళ్లు దాటింది. కాయనని ఒట్టు కూడా పెట్టుకున్నాను. నా ఒట్లకి ఎంత విలువుందో ముందు ముందు మీకే తెలుస్తుంది.

నేను పుట్టి పెరిగింది చేపల రేవు వెనక పేటలో. రెండు గదుల పెంకుటిల్లు, వాకిట్లో ఎండకి కరకరలాడే వలలు, ఎప్పుడూ ఆరని ఉప్పు తడి, గాలి అటు తిరిగితే ఎండుచేపల వాసన, ఇటు తిరిగితే పోర్టులో దింపే బొగ్గు పొడి. మా అమ్మ మంచం మీద ఆరేసిన తెల్ల దుప్పటి సాయంత్రానికి బూడిదరంగుకి తిరిగేది. నాన్న ముందు పడవ మీదే వెళ్లేవాడట, తాతయ్య పోయాక మామ్మ ఏడ్చి గోల పెడితే పోర్టులో కళాసీ పనికి మారాడు. ఇంట్లో మా ముగ్గురితో పాటు మామ్మ, అంటే నాన్నని కన్న తల్లి, ఆవిడ చిన్న కొడుకు అప్పలరాజు ఉండేవారు. అప్పలరాజు నాకు చిన్నాన్న. పందొమ్మిదేళ్లుంటాయి అప్పటికి. నన్ను సిట్టీ అని పిలిచేవాడు, నా జడలు పట్టుకుని పడవ తిప్పినట్టు తిప్పేవాడు, తాటిముంజెలు తెస్తే మొదటిది వేలితో పొడిచి నీళ్లు నా మొహం మీద చిమ్మేవాడు. నాకు లోకంలో అతనికంటే ఇష్టమైనవాళ్లు లేరు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తరవాత చెబితే బొంకులా ఉంటుంది.

వేసవిలో వేట నిషేధం పెట్టిన రెండు నెలలూ పేటకి ఒక వింత ప్రాణం వచ్చేది. పడవలన్నీ రేవులో వరసగా కట్టేసి, కొన్నిటిని ఒడ్డుకి లాగి, మగవాళ్లు కొయ్యల సందుల్లో పీచు కూరుకుంటూ, రంగులేసుకుంటూ, పేకాడుకుంటూ, ఏమీ తోచక పెళ్లాలతో పోట్లాడుకుంటూ ఉండేవారు. పిల్లలం పడవల నీడలో ఇళ్లు కట్టి ఆడుకునేవాళ్లం, తడి ఇసకలో పీతల కన్నాల్లోకి పుల్లలు దూర్చి బయటికి లాగేవాళ్లం. పొద్దున చోడి అంబలి, మధ్యాహ్నం మామిడికాయ వేసిన ఎండురొయ్యల కూర, సాయంత్రం ఎవరో ఒకరి అరుగు మీద జీడిమామిడి పళ్లు; ఉప్పు అద్దుకుని తింటే గొంతు పట్టేసేది, అయినా మానేవాళ్లం కాదు. పచ్చబొట్లు పొడిచే ఆవిడ కూడా ఆ రోజుల్లోనే వచ్చేది. భుజానికి గుడ్డసంచీ, అందులో కట్టగట్టిన సూదులు, చిన్న సీసాలో దీపపు మసి ఆకుపసరుతో నూరిన నల్లటి సిరా. మగవాళ్లు రెండు నెలలు సముద్రంలో దిగరు కాబట్టి ఆ పుండు ఉప్పునీళ్లు తగలకుండా మానుతుందని అందరూ అప్పుడే పొడిపించుకునేవారు.

మా పేటలో పచ్చబొట్టు సింగారానికి కాదు. ఆడవాళ్లకి చుక్కలూ ముగ్గులూ ఉండేవి, అది వేరు. పడవెక్కే మగవాడికి మాత్రం ఎడమ చేతి లోపలి వైపు, మణికట్టుకీ మోచేతికీ మధ్యన, ఇంటి గుర్తు ఉండాలి. అక్షరాలు రాని జనం, పేరు రాస్తే చదివేదెవరు? ఎదురింటి వాళ్లది చుక్కాని, పక్కింటి వాళ్లది జంట చేపలు, మాది పడవ, దాని కింద మూడు చుక్కలు. అదెందుకో పిల్లలకి ఎవరూ చెప్పేవారు కాదు, మా మామ్మ తప్ప. ఆవిడ దగ్గర దాపరికం లేదు. చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, అన్నం వండటం ఎలాగో చెప్పినంత మామూలుగా చెప్పింది.

"సముద్రం ముందు మొకం తినేస్తాది. సెయ్యి ఆకర్న తింటాది."

తాతయ్య అలాగే దొరికాడు. పడవ బోల్తాపడిన ఎనిమిదో రోజున ఒడ్డుకి వచ్చాడట. మొహం లేదు. మామ్మ ఎడమ చెయ్యి తిప్పి చూసి, మూడు చుక్కలూ వేలితో తడిమి, నా మొగుడే అని చెప్పి, ఇంటికి తెచ్చుకుని, స్నానం చేయించి, కొత్త బట్ట కట్టి సాగనంపింది. మగవాణ్ణి ఇంటికి తెచ్చేది ఆ గుర్తేనని ఆవిడ నమ్మకం. గుర్తు చెడితే మనిషి చచ్చినా ఇంటికి రాడు. అందుకే ఎవరికి పచ్చబొట్టు పొడిచినా, పొడిచిన ఆవిడ పని అక్కడితో అయిపోయేది గానీ, మా మామ్మ పని అప్పుడు మొదలయ్యేది.

మందు కాయడం ఒక పూట పని. వన్‌టౌన్‌లో ఒక సాయిబుగారి కొట్టు ఉండేది, కర్పూరం, సాంబ్రాణి, వేళ్లూ బెరళ్లూ అమ్మేవారు. తేనెమైనం అక్కడే కొనాలి. ఆయన ముద్ద పట్టుకుని గోటితో గీరి, వాసన చూపించి, అమ్మా కల్తీ లేదు చూసుకో అనేవారు, మామ్మ ఆయన్ని నమ్మకుండా తనూ గీరి చూసేది, ఇద్దరూ ఏటా అదే తంతు. ఇంటికొచ్చాక కొబ్బరిపాలు కాచి తీసిన నూనెలో సగానికి సగం ఆముదం పోసి, మట్టి మూకుడులో సన్న సెగ మీద పెట్టేది. లేత వేపాకు, పచ్చి పసుపుకొమ్ము కలిపి నూరి, ఆ ముద్ద నూనెలో వేస్తే చిటపటమంటూ పొంగేది. ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా కదపకుండా కూర్చోవాలి. ఆగిందంటే నీరు ఇగిరిందని, ఆగకముందే దింపితే మందు నాలుగు రోజుల్లో బూజు పడుతుందని చెప్పేది. తరవాత పాత నూలుచీర ముక్కలో వడగట్టి, వేడి మీదే మైనం తురిమి వేసి, వేపపుల్లతో ఒకే వైపుకి తిప్పాలి. మైనం తురమడం నా వంతు. పళ్లెం వెనక ఒక చుక్క వేసి, అది గట్టిపడి వేలి వేడికి కరిగితే సరిపోయినట్టు. ఆకుపచ్చా పసుపూ కాని రంగులో ఉండేది. చల్లారాక గుండ్రటి రేకు డబ్బాల్లోకి ఎత్తేది.

రాయడానికీ లెక్కలున్నాయి. తొమ్మిది రోజులు, పొద్దునా సాయంత్రం, చెయ్యి కడుక్కుని, పల్చగా. మందంగా రాస్తే పుండు చెమ్మగిల్లుతుంది. పెచ్చు కట్టాక గోకకూడదు, దానంతట అది రాలాలి. వంకాయ, ఎండుచేప ముట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఉప్పునీళ్లు తగలకూడదు.

చిన్నాన్న ఆ ఏడు మొదటిసారి లోతు వేటకి వెళ్లే పెద్ద పడవలో కుదిరాడు. పది పన్నెండు రోజులు సముద్రం మీదే ఉండే పడవ. మామ్మ వద్దని ఏడవలేదు, పెద్ద కొడుకుని ఒకసారి మానిపించింది కదా, రెండోవాణ్ణి మానిపించే ఓపిక లేకపోయింది. గుర్తు పొడిపించుకుని ఎక్కరా అంది, అంతే. ఈ ఆరడుగుల మనిషికి సూదంటే భయం. ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఆదివారం అని రెండు నెలలూ తప్పించుకు తిరిగి, నిషేధం ఇంకో నాలుగు రోజుల్లో ఎత్తేస్తారనగా, మామ్మ కర్ర పట్టుకుని రేవు దాకా వెళ్లి నలుగురిలో చెవి మెలేసి పట్టుకొస్తే అప్పుడు కూర్చున్నాడు. నా చెయ్యి నలిపేస్తూ, కళ్లు గట్టిగా మూసుకుని, అమ్మోయ్ అనకుండా పళ్లు బిగించుకుని పొడిపించుకున్నాడు. పడవ చక్కగా వచ్చింది. మూడు చుక్కలూ ఎర్రటి వాపు మధ్య నల్లగా, విడివిడిగా ఉన్నాయి.

మామ్మకి అప్పటికే కళ్లల్లో పొర. అందుకని మందు రాసే పని నాకిచ్చింది. నాలుగు రోజులు శ్రద్ధగా రాశాను. పడవ కదిలే రోజు ఇంకా ఐదు రోజుల మందు బాకీ ఉంది. మామ్మ కొత్త డబ్బా నింపి, మూత చుట్టూ గుడ్డ కట్టి నా చేతిలో పెట్టి, రేవు దాకా వెళ్లి వాడి సంచిలో నీ సేత్తో పెట్టిరా, ఆడు మర్చిపోతాడు, పొద్దునా సాయంత్రం రాసుకుని మీద గుడ్డ కట్టుకోమన్నానని సెప్పు అని పంపింది.

రేవులో గంగమ్మకి కోడిని కోసి, పడవల ముక్కులకి పసుపు కుంకుమ పూసి, దండలేసి, ఊరంతా అక్కడే ఉంది. డబ్బా తీసి ఇచ్చాను. పక్కనున్న పడవ మనుషులు వాసన పట్టేసి, ఏరా బావా, బాలింత వాసనొస్తంది, పురుడు ఎవరికి అని ఒకటే నవ్వు. ఆముదమూ పసుపూ కదా, నిజంగానే బాలింత గదిలో వాసనే అది. చిన్నాన్న మొహం ఎర్రబడింది. డబ్బా నా గుప్పిట్లో పెట్టి మూసి, నా చెవి దగ్గరికి వంగాడు.

"ఇది నీకాడే ఉంచీ సిట్టీ. ఇచ్చీసినానని అమ్మకి సెప్పు."

నాకు పదకొండేళ్లు. అతను నాతో రహస్యం పంచుకున్నాడని గర్వంగా అనిపించింది, సిగ్గులేకుండా చెబుతున్నాను. ఇంటికొచ్చి, ఇచ్చేశాను మామ్మా అన్నాను. సంచిలోనే పెట్టావా అంది. సంచిలోనే అన్నాను. గంగమ్మ మీద ఒట్టెయ్ అంది. వేశాను. డబ్బా నా పలకల పెట్టెలో గవ్వల కింద దాచాను.

పన్నెండు రోజులకి పడవ తిరిగొచ్చింది. చిన్నాన్న ఇంటికి రాకుండా నాకు కబురెట్టి రేవుకి పిలిపించాడు. ఐసు గదుల వెనక్కి తీసుకెళ్లి, చొక్కా చెయ్యి పైకి మడిచాడు. తడి వలలు లాగి లాగి, ఉప్పునీళ్లలో నాని, చెయ్యి మోచేతి దాకా ఉబ్బిపోయి, పెచ్చు ఊడి చీము కారుతోంది. పడవా లేదు, చుక్కలూ లేవు. రేవు దగ్గర కాంపౌండరు సూదిమందు వేశాడు, వాపు తగ్గింది, పుండు మానింది, మానాక అక్కడ మిగిలింది అరచేతంత నీలం మరక. వచ్చే ఏడు నిషేధంలో కుడి చేతికి కొత్తది పొడిపించుకుంటాను, అందాకా అమ్మకి చెప్పకు అన్నాడు. అప్పట్నుంచి చొక్కా చేతులు మణికట్టు దాకా దించి గుండీలు పెట్టుకునేవాడు. ఒడ్డు మీద ఉండేదే రెండు రోజులు, స్నానం రేవు కుళాయి దగ్గరే. కుర్రాడికి షోకు ఎక్కువైందని నాన్న నవ్వేవాడు.

మామ్మ మాత్రం అతను వచ్చి వెళ్లిన ప్రతిసారీ నన్ను అడిగేది, గుర్తు ఎలా ఉందే అని. పడవ పడవలాగే ఉంది మామ్మా, చుక్కలు మూడూ విడివిడిగా ఉన్నాయి అనేదాన్ని. ఆవిడ తృప్తిగా పొగ వదిలేది. అబద్ధం అలవాటైపోయింది నాకు, అన్నం తిన్నావా అంటే తిన్నానని చెప్పినట్టు చెప్పేదాన్ని.

దీపావళి దాటాక వాయుగుండం పట్టింది. మిగతా పడవలు వెనక్కొచ్చేశాయి, చిన్నాన్న వాళ్లది రాలేదు. ఐదుగురు మనుషులు. పడవ చెక్క కూడా దొరకలేదు. కాంపౌండరు చూసింది పుండే; మరక సంగతి తెలిసింది పడవలో నలుగురికీ, ఒడ్డు మీద నాకూ. నలుగురూ అతనితోనే పోయారు.

మూడు వారాలకి భీమిలి దాటాక ఒక శవం ఒడ్డుకొచ్చిందని కబురొస్తే, నాన్న, మామ్మ ఆటో కట్టించుకుని ఆసుపత్రికి వెళ్లారు. నన్ను రానివ్వలేదు. గడపలో కూర్చుని ఉన్నాను. చీకటి పడే వేళకి వచ్చారు. మామ్మ మొహంలో వెలుగు చూసి లేచి నిలబడ్డాను.

"మనోడు కాదే. సెయ్యి తిప్పి సూశాడు మీ నాన్న, గుర్తు లేదు."

నాన్న మూల కూర్చుని, ఎత్తు అదే, కాలి వేళ్లు కూడా మావాడివిలాగే అనిపించాయి, కానీ చేతి మీద ఏదో నీలం మరక తప్ప పడవ లేదు, చుక్క లేదు అన్నాడు. అమ్మ గంగమ్మకి దండం పెట్టింది. మామ్మ ఆ వేళ చాలా రోజులకి కడుపునిండా అన్నం తింది. ఆవిడ అన్నం కలుపుకుంటూ ఉంటే నేను ఎదురుగా కూర్చుని చూశాను. నోరు తెరిస్తే చాలు. అప్పటికి శవం ఇంకా అక్కడే ఉంది. తెల్లారి వెళ్లి తెచ్చుకుని ఉండొచ్చు, స్నానం చేయించి ఉండొచ్చు, కొత్త బట్ట కట్టి ఉండొచ్చు. నేను నోరు తెరవలేదు. తిడతారని భయం, కొడతారని భయం, దొంగ ఒట్టేసినందుకు గంగమ్మ ఏం చేస్తుందోనని భయం, ఆవిడ నోటి దగ్గర ముద్ద ఆగిపోతుందని భయం. నాలుగు రోజులు చూసి, దిక్కులేని శవమని ఎక్కడో పూడ్చేశారు. ఎక్కడో నాకు ఈ రోజుకీ తెలీదు.

ఆ తరవాత మామ్మ ఎదురుచూడటం మొదలుపెట్టింది. వేరే పడవ వాళ్లు ఎత్తుకుని ఉంటారు, ఒరిస్సా పక్క తేలి ఉంటాడు, బంగ్లాదేశ్ వాళ్ల జైల్లో పడి ఉంటాడు, ఎవడేం చెప్పినా నమ్మింది. చవితికీ సంక్రాంతికీ అతని పేరన ఒక చొక్కా బట్ట తీయించేది. ప్రతి వేసవిలో మందు కాసేది. ఆడొచ్చేసరికి గుర్తు పాతబడిపోయుంటాది, మళ్లీ దిద్దించాలి గదా అని, చల్లారిన మందు డబ్బాలోకి ఎత్తి అటక మీద పెట్టేది. మైనం తురమడం నా వంతే. ఏడేళ్లు తురిమాను. చిటపటలు ఆగేదాకా ఇద్దరం పొయ్యి దగ్గర కూర్చునేవాళ్లం, ఆ వాసన నా బట్టలకి పట్టేది, తలంటుకున్నా పోయేది కాదు.

పెళ్లి కుదిరి, ఇల్లు వదిలి వెళ్లిపోయే వేసవి అది. మైనం ముద్ద చేతిలో ఉండగా ఇక తట్టుకోలేకపోయాను. మొత్తం చెప్పేశాను, డబ్బా దాచింది, పుండు పడింది, మరక మిగిలింది, ఆసుపత్రిలో వాళ్లు చూసింది చిన్నాన్ననేనని. పలకల పెట్టె తెచ్చి గవ్వల కింద తుప్పుపట్టిన డబ్బా కూడా చూపించాను. మామ్మ డబ్బా తడిమింది, మూత మీద తను కట్టిన గుడ్డ ముడి తడిమింది.

"ఆ దినం ఇచ్చీసినానని గంగమ్మ మీద ఒట్టేసినావు గదే."

"అబద్ధం ఆడాను మామ్మా."

"మరి అది అబద్ధమైతే, ఇప్పుడు సెప్తంది నిజమని నానెలా నమ్మేది?"

కోపంగా అడగలేదు. నిజంగానే అడిగింది. డబ్బా పక్కన పెట్టేసి, మైనం తురుముతావా లేదా, నూనె మాడిపోతంది అంది. తురిమాను. ఆవిడ దగ్గర రెండు మాటలున్నాయి, రెండూ నా నోటి నుంచి వచ్చినవే. కొడుకు బతికున్న మాటని ఉంచుకుంది. దాన్ని నమ్మేలా చెప్పింది కూడా నేనే, అంత బాగా చెప్పాను. ఇంకో నాలుగేళ్లు ఎదురుచూసి పోయింది. పోయే ముందు రోజు కూడా తలుపు గడియ పెట్టొద్దందట.

ఆ పేట ఇప్పుడు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పెంకుటిళ్లు కొట్టేశారు, అటక మీది డబ్బాలు ఏ చెత్తలో కలిశాయో తెలీదు. పచ్చబొట్ల ఆవిడ రాదు. సాయిబుగారి కొట్టులో మనవడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నాడు. పడవలకి ఎక్కడున్నాయో చెప్పే పరికరాలు పెట్టారు, మొహం లేని మనిషిని చిన్న ఎముక ముక్కతో పోల్చుకుంటారట, ఇంటి గుర్తుతో ఎవరికీ పనిలేదు. పోయిన ఏడు నాన్న పోయాడు. స్నానం చేయించేటప్పుడు ఆయన ఎడమ చేతి మీద పడవా చుక్కలూ చూసి మా హారిక ఫోనులో ఫొటో తీసుకుంది. తాతయ్య గుర్తుగా నాకు ఇదే కావాలమ్మా అని ఏడాదిగా నా ప్రాణం తీసి, మొన్న అదే పొడిపించుకుంది. అదెందుకు పొడుస్తారో దానికి చెప్పలేదు. డిగ్రీ చదివే పిల్ల, సముద్రం దగ్గరికి వెళితే ఫొటోలకే వెళుతుంది.

మందు కాచాను. మట్టి మూకుడు లేదు, స్టీలు గిన్నెలోనే కాచాను, మైనం ఫోనులో ఆర్డరు పెడితే ఇంటికొచ్చింది. చిటపటలు ఆగేదాకా స్టవ్ దగ్గర నించున్నాను. మా ఆయన ప్లాంటులో పొద్దుటి షిఫ్టు నుంచి వచ్చి, ఇల్లంతా ఏంటీ బాలింత వాసన అంటే, ఏం లేదని లోపలికి వెళ్లి కాసేపు ఏడ్చుకున్నాను. పొద్దునా సాయంత్రం, పల్చగా, నా చేత్తో రాస్తున్నాను. ఇవాళ ఏడో రోజు. పెచ్చు దానంతట అది రాలిపోయింది. మానిపోయింది కదమ్మా, కాలేజీలో అందరూ వాసన అంటున్నారు, ఇంక చాల్లే అని హారిక చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. ఇంకా రెండు రోజులుంది అని వదల్లేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురులో తిప్పి చూశాను. పడవ పడవలాగే ఉంది మామ్మా. చుక్కలు మూడూ విడివిడిగా ఉన్నాయి. ఈసారి చూసే చెబుతున్నాను.